పాత బల్లను చిన్న వంటగదికి సిద్ధం చేసుకోవడం: తేమ, పాత పూత, కొత్త పూత

1.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తర్వాత మీరు
• గాలిలోని తేమకూ కర్ర ఉబ్బడానికీ, కుంచించుకుపోవడానికీ ఉన్న సంబంధాన్ని వివరించగలుగుతారు.
• వాడిన బల్లను కొనే ముందు దేన్ని పరీక్షించాలో, ఎలాంటి బల్లను వదిలేయాలో చెప్పగలుగుతారు.
• పాత పూత ఏ రకానిదో గుర్తించి, దాన్ని తీయాలా ఉంచాలా అన్నది నిర్ణయించుకోగలుగుతారు.
• పాత రంగులో సీసం వల్ల కలిగే ప్రమాదాన్ని, తీసుకోవలసిన జాగ్రత్తలను తెలుసుకుంటారు.
• వంటగదికి తగిన పూతను ఎంచుకుని, పనిని వరుసక్రమంలో చేయగలుగుతారు.

1.1 పరిచయం

అద్దె ఇళ్ళలో వంటగదులు సాధారణంగా చిన్నవి. ఆరడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడవు ఉన్న గదిలో స్టవ్, సిలిండర్, మంచినీళ్ళ బిందె, డబ్బాలు సర్దాక గట్టు మీద కూరగాయలు తరుగుకోవడానికి కూడా చోటు మిగలదు. అలాంటి గదికి ఒక చిన్న బల్ల ఎంతో ఉపయోగం. కొత్త టేకు బల్ల కొనే స్తోమత అందరికీ ఉండదు. తక్కువ ధరకు దొరికే కొత్త బల్లల్లో చాలావరకు పొట్టును జిగురుతో అదిమి చేసిన పార్టికల్ బోర్డువే. నీళ్ళు తగిలే వంటగదిలో అవి ఎక్కువ కాలం నిలవవు. అందుకే గట్టి కర్రతో చేసిన పాత బల్లను కొని, బాగుచేసుకుని వాడుకోవడం తెలివైన పని.

అయితే ఈ పనిని చాలామంది రంగు డబ్బాతో మొదలుపెడతారు. బల్ల తెచ్చిన రోజే గీకి, మర్నాడు రంగు వేస్తారు. రెండు వానాకాలాలు గడిచేసరికి పూత పొరలుగా లేస్తుంది, పలకల మధ్య సందులు పడతాయి. అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. పాత రంగును పొడిగా గీకితే వచ్చే దుమ్ములో సీసం ఉండవచ్చు. వంట చేసుకునే చోట, పిల్లలు తిరిగే చోట ఆ దుమ్ము పడటం మంచిది కాదు. కాబట్టి ఈ పనిలో మొదట తెలుసుకోవలసినవి మూడు: కర్ర ఏది, దాని మీద ఉన్న పూత ఏది, మన ఊరి గాలిలో తేమ ఎంత. ఏ రంగు వేయాలన్నది ఆ తర్వాతి ప్రశ్న.

ఈ భాగంలో తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాలను ఉదాహరణగా తీసుకుందాం. ఈ మూడూ కృష్ణానదికి పడమటి వైపున ఉన్న డెల్టాలోనివి. తెనాలి గుంటూరు జిల్లాలో ఉంది. బాపట్ల, రేపల్లె పట్టణాలు 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. మూడింటిలోనూ గాలిలో తేమ ఎక్కువే. కానీ తేమ వచ్చే దారులు ఒక్కటి కావు.

1.2 ఊరి గాలి, కర్రలోని తేమ

కర్ర కోసిన తర్వాత కూడా గాలి నుంచి తేమను పీల్చుకుంటూ, తిరిగి గాలికి వదులుతూ ఉంటుంది. చుట్టూ ఉన్న గాలి ఎంత తేమగా ఉందో దాన్నిబట్టి కర్రలో తేమ ఒక స్థాయికి చేరి నిలుస్తుంది. దీన్ని సమతుల్య తేమ అంటారు. ఉష్ణోగ్రత 30 డిగ్రీల సెల్సియస్, గాలిలో సాపేక్ష ఆర్ద్రత 80 శాతం ఉన్నప్పుడు కర్రలోని తేమ సుమారు 16 శాతం దగ్గర నిలుస్తుంది. ఆర్ద్రత 50 శాతానికి పడిపోతే అది సుమారు 9 శాతానికి దిగుతుంది. వానాకాలంలో బిగిసిపోయిన సొరుగు, పడమటి గాలి వీచే ఎండాకాలంలో సులువుగా కదలడానికి కారణం ఇదే.

తేమతో పాటు కర్ర కొలత కూడా మారుతుంది. ఈ మార్పు అన్ని వైపులా ఒకేలా ఉండదు. పొడవులో మార్పు దాదాపు లేనట్టే. వెడల్పులోనే అది ఎక్కువ. టేకును ఉదాహరణగా తీసుకుందాం. పచ్చికర్ర పూర్తిగా ఎండేసరికి వార్షిక వలయాల వెంట సుమారు 5.8 శాతం, వలయాలకు అడ్డంగా సుమారు 2.5 శాతం కుంచించుకుపోతుంది. చాలా కర్రలతో పోలిస్తే ఇది తక్కువ. టేకుకు ఉన్న మంచి పేరుకు ఇదొక కారణం.

ఉదాహరణ: 60 సెంటీమీటర్ల వెడల్పున్న టేకు పైపలక ఉందనుకుందాం. కర్రలోని తేమ ఒక శాతం మారితే, వలయాల వెంట కొలత సుమారు 0.2 శాతం మారుతుంది. వానాకాలానికీ వేసవికీ మధ్య తేమ 3 శాతం మారితే, పలక వెడల్పులో మార్పు 600 × 0.002 × 3, అంటే సుమారు 3.6 మిల్లీమీటర్లు. చూడటానికి చిన్న అంకె. కానీ పలకను నాలుగు వైపులా మేకులతో కదలకుండా బిగించి ఉంటే, ఆ మూడున్నర మిల్లీమీటర్ల ఒత్తిడే పలకను చీలుస్తుంది, లేదా అతుకును విడదీస్తుంది.

ఇప్పుడు మూడు పట్టణాలను చూద్దాం. బాపట్ల సముద్రానికి దగ్గర. సూర్యలంక తీరం నుంచి వచ్చే గాలిలో తేమతో పాటు ఉప్పు కూడా ఉంటుంది. ఇనుప మేకులు, బందులు త్వరగా తుప్పు పట్టడానికి అది కారణం. టేకు, తుమ్మ వంటి కర్రల్లో ఉండే టానిన్ అనే పదార్థం ఇనుముతో, తడితో కలిస్తే మేకు చుట్టూ నల్లటి మరక ఏర్పడుతుంది. రేపల్లె డెల్టా చివరి భాగంలో ఉంది. నేల పల్లం, నీళ్ళు పైపైనే ఉంటాయి. అక్కడ గచ్చు నుంచి కాళ్ళలోకి ఎక్కే తేమను ఎక్కువగా చూసుకోవాలి. తెనాలి తీరానికి కొంత దూరమే అయినా చుట్టూ కాలువలు, వరిచేలు ఉన్న ఊరు. అక్కడ ఉప్పు సమస్య తక్కువ, వానాకాలపు తేమ మాత్రం తక్కువ కాదు.

ఈ ప్రాంతానికి తుపాన్లు, వరదలు కూడా కొత్త కాదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను దివిసీమతో పాటు ఈ తీరమూ మరచిపోలేదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు వెళ్ళినప్పుడు నది ఒడ్డున ఉన్న లంక గ్రామాలు మునిగాయి. నీళ్ళలో నానిన సామాను తర్వాత అమ్మకానికి రావచ్చు. కొనేవారు దాన్ని గుర్తుపట్టగలగాలి.

1.3 కొనే ముందు పరీక్ష

బల్లను పగటి వెలుతురులో చూడాలి. పైన కాకుండా ముందు కింద చూడాలి. పైపలకకు రంగు వేసి అమ్మవచ్చు. అడుగు భాగానికి సాధారణంగా ఎవరూ రంగు వేయరు కాబట్టి కర్ర స్వరూపం అక్కడే తెలుస్తుంది.

(అ) కర్ర రకం: టేకు బంగారు గోధుమ రంగులో ఉంటుంది. తాకితే కొంచెం జిడ్డుగా అనిపిస్తుంది. వేప, తుమ్మ, మద్ది బరువైనవి, గట్టివి. మామిడి, నిద్రగన్నేరు చౌక. చెద, పురుగు వీటికి త్వరగా పడతాయి. ఏ చెట్టుదైనా మధ్యభాగమైన చేవ గట్టిది. చేవ లేని బయటి తెల్లచెక్కను పురుగు ఇష్టపడుతుంది. బల్ల కాళ్ళలో ఒక అంచు తెల్లగా ఉంటే అది తెల్లచెక్క అని గుర్తించాలి.

(ఆ) ప్లైవుడ్, పార్టికల్ బోర్డు: పలక అంచున పొరలు కనిపిస్తే ప్లైవుడ్. పొట్టు కనిపిస్తే పార్టికల్ బోర్డు. ఒకసారి నీళ్ళు పీల్చి ఉబ్బిన పార్టికల్ బోర్డు ఎండినా తిరిగి బిగుసుకోదు. దాన్ని బాగుచేసే మార్గం లేదు.

(ఇ) పురుగు, చెద: గుండుసూది తల అంత రంధ్రాలు, వాటి కింద మెత్తటి పిండిలాంటి పొడి కనిపిస్తే పురుగు ఇంకా పని చేస్తూ ఉండవచ్చు. బల్లను తట్టి, కింద కాగితం పరిచి ఒక రాత్రి ఉంచితే కొత్త పొడి రాలుతుందో లేదో తెలుస్తుంది. కాళ్ళ అడుగున మట్టి గీతలుంటే చెద. స్క్రూడ్రైవర్ కొనతో నొక్కితే లోపలికి దిగిపోయే కర్రను వదిలేయాలి. వంటగది బల్లకు పురుగుమందు కొట్టి వాడుకోవచ్చులే అనుకోకూడదు.

(ఈ) నీళ్ళలో నానిన గుర్తులు: నాలుగు కాళ్ళ మీద ఒకే ఎత్తులో మరక, అతుకుల సందుల్లో ఎండిన ఒండ్రు, మేకుల చుట్టూ తుప్పు, సొరుగు లోపల బూజు వాసన. చేవ ఉన్న కర్ర అయితే నానినా ఆరబెట్టి వాడవచ్చు. ప్లైవుడ్ పొరలు విడిపోయి ఉంటే వద్దు.

(ఉ) అతుకులు: రెండు చేతులతో పైపలకను పట్టుకుని అటూ ఇటూ కదపాలి. అతుకు వదులైతే బాగుచేయవచ్చు. అతుకు దగ్గర కర్రే విరిగి ఉంటే వడ్రంగి పని పడుతుంది. ఆ ఖర్చును కూడా ధరలో లెక్కవేసుకోవాలి.

(ఊ) నల్లులు, బొద్దింకలు: సొరుగును పూర్తిగా బయటికి లాగి, మూలలు టార్చి వెలుతురులో చూడాలి.

1.4 పాత పూతను గుర్తించడం

పాత పూత ఏమిటో తెలియకుండా దాని మీద కొత్త పూత వేస్తే రెండూ కలవక పొరలు లేస్తాయి. ఇంట్లో చేయగల చిన్న పరీక్షలున్నాయి. కనిపించని చోట, అంటే పలక అడుగు అంచున లేదా కాలి లోపలి వైపున చేయాలి.

మొదట, దూదిని రంగుల దుకాణంలో దొరికే స్పిరిట్‌లో ముంచి పూత మీద ఒక నిమిషం ఉంచాలి. పూత మెత్తబడి అంటుకుంటే అది లక్క పాలిష్. దీన్నే ఫ్రెంచ్ పాలిష్ అంటారు. ఏటికొప్పాక బొమ్మలకు మెరుపునిచ్చే లక్కే ఇది కూడా. లక్కపురుగులు చెట్ల కొమ్మల మీద కట్టే పదార్థం నుంచి దీన్ని తీస్తారు. స్పిరిట్‌కు మెత్తబడకపోతే ఎన్.సి. థిన్నర్‌తో అదే పరీక్ష చేయాలి. అప్పుడు కరిగితే లాకరు పూత. రెండింటికీ కరగకపోతే అది నూనె వార్నిష్, ఎనామిల్ లేదా పి.యు. రకం. స్పిరిట్, థిన్నర్ రెండూ వెంటనే అంటుకునేవి. ఈ పరీక్షలను స్టవ్ ఉన్న గదిలో చేయకూడదు.

లక్క పాలిష్‌ను స్పిరిట్, పాత గుడ్డతో తుడిచి తీయవచ్చు. గీకాల్సిన పని దాదాపు ఉండదు. వార్నిష్‌ను ఉప్పుకాగితంతో రుద్ది తీయవచ్చు. రంగు వేసిన బల్ల విషయంలో మాత్రం ఆగి ఆలోచించాలి.

1.5 పాత రంగులో సీసం

రంగు త్వరగా ఆరడానికి, నిగారింపు నిలవడానికి చాలా కాలం పాటు నూనె రంగులలో సీసపు సమ్మేళనాలను కలిపేవారు. ముఖ్యంగా పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లోనూ, వాటిని కలిపి చేసే ఆకుపచ్చలోనూ సీసం ఎక్కువగా ఉండేది. భారత ప్రభుత్వం ఇంటి రంగుల్లో సీసాన్ని నియంత్రిస్తూ 2016లో నియమాలు ప్రకటించింది. అవి 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం రంగులో సీసం దశలక్ష భాగాలకు 90 భాగాలు మించకూడదు. అంటే అంతకు ముందు రంగు వేసిన బల్లలో సీసం ఉండే అవకాశం ఉంది. ఆ తర్వాత వేసినా పాత డబ్బాలో మిగిలిన రంగు వాడి ఉండవచ్చు. రంగు ఎప్పుడు వేశారో చెప్పగలిగేవారు సెకండ్ హ్యాండ్ దుకాణంలో సాధారణంగా ఉండరు. కాబట్టి పాత రంగులో సీసం ఉందనే భావించి పని చేయడం క్షేమం.

గట్టిగా అంటుకుని ఉన్న రంగు వల్ల ప్రమాదం తక్కువ. దాన్ని పొడిగా రుద్దినప్పుడు, మంటతో కాల్చినప్పుడు సీసం దుమ్ముగా, పొగగా మారుతుంది. ఆ దుమ్ము నేల మీద పడి, పిల్లల చేతుల ద్వారా నోట్లోకి వెళుతుంది. సీసం రక్తహీనతను కలిగిస్తుంది, ఎదిగే పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. శరీరంలో ఇంతవరకు సీసం ఉన్నా ఫరవాలేదు అనే పరిమితి ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గర్భంలో ఉన్న శిశువుకు కూడా తల్లి ద్వారా అది చేరుతుంది.

అందువల్ల కింది నియమాలు పాటించాలి.

1. పాత రంగును పొడిగా రుద్దకూడదు. కాల్చకూడదు. మిషన్‌తో రుద్దకూడదు.
2. నీటిలో వాడే ఉప్పుకాగితాన్ని తడిపి, ఉపరితలాన్ని తడిగా ఉంచుతూ రుద్దాలి. వచ్చిన బురదను పాత గుడ్డతో తుడిచి సంచిలో వేయాలి.
3. పనిని ఇంటి బయట, కింద ప్లాస్టిక్ పట్టా పరిచి చేయాలి. వంటగదిలో, నీళ్ళ పంపు దగ్గర, కోళ్ళు, పశువులు తిరిగే చోట చేయకూడదు.
4. ముక్కుకు కట్టుకున్న చేతిరుమాలు ఈ దుమ్మును ఆపలేదు. ఎన్95 మాస్కు వాడాలి.
5. పిల్లలు, గర్భిణులు ఆ దరిదాపుల్లో ఉండకూడదు.
6. పని అయ్యాక చేతులు, ముఖం సబ్బుతో కడుక్కోవాలి. ఆ బట్టలను విడిగా ఉతకాలి. పట్టాను దులపకుండా మడిచి, చెత్తతో పాటు కట్టి పారేయాలి. తగలబెట్టకూడదు.

ఇంకో మార్గం అసలు తీయకపోవడం. రంగు గట్టిగా ఉంటే సబ్బునీళ్ళతో కడిగి, ఆరాక తడి ఉప్పుకాగితంతో పైపైన గరుకు చేసి, దాని మీదే కొత్త ఎనామిల్ వేయవచ్చు. రంగు పెచ్చులుగా రాలుతూ ఉండి, ఇంట్లో చిన్న పిల్లలుంటే ఆ బల్లను కొనకపోవడమే మంచి నిర్ణయం. ఎంత చౌకగా వచ్చినా అది మనకు లాభం కాదు.

1.6 వంటగదికి ఏ పూత?

వంటగది బల్ల మీద పడేవి నీళ్ళు, నూనె, పసుపు, చింతపండు పులుసు, వేడి గిన్నెలు. హాల్లో పెట్టుకునే బల్లకు సరిపోయే పూత ఇక్కడ సరిపోకపోవచ్చు.

లక్క పాలిష్: చూడటానికి అందంగా ఉంటుంది, మరమ్మతు సులువు. కానీ 75 డిగ్రీల సమీపంలోనే మెత్తబడుతుంది. మరిగే రసం గిన్నె దాదాపు 100 డిగ్రీల వేడితో ఉంటుంది. గిన్నె పెట్టిన చోట తెల్లటి వలయం పడుతుంది. వానాకాలంలో వేస్తే మరో ఇబ్బంది ఉంది. స్పిరిట్ ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాలిలోని తేమ ఆ చల్లటి పూత మీద చేరి పూత తెల్లబారుతుంది. వంటగది బల్ల పైపలకకు ఇది తగదు.

అవిసె నూనె: కర్రకు సహజమైన రంగునిస్తుంది. నీటిని ఎక్కువసేపు ఆపలేదు. మళ్ళీ మళ్ళీ రాయాలి. ఈ నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే లోపల వేడి పెరిగి వాటంతట అవే అంటుకోగలవు. వాటిని నీళ్ళలో తడిపి, విప్పి ఆరబెట్టాకే పారేయాలి.

ఎనామిల్ రంగు: చౌక, సులువు. కర్ర కనిపించదు. కాళ్ళకు, అడ్డకర్రలకు బాగా పనికొస్తుంది. పైపలక మీద వేడికి మెత్తబడి గిన్నె అంటుకుంటుంది.

పి.యు. పూత: నీటిని, నూనెను, గీతలను మిగతావాటికంటే బాగా తట్టుకుంటుంది. కుంచెతో వేసుకునే ఒకే డబ్బా రకం ఇంట్లో పనికి సరిపోతుంది. గట్టిపరిచే ద్రవాన్ని విడిగా కలిపే రెండు డబ్బాల రకాన్ని స్ప్రే చేస్తే వచ్చే ఆవిరి ఊపిరితిత్తులకు హానికరం. ఆ పనిని సరైన మాస్కు ఉన్న పనివారికే వదిలేయాలి.

సన్‌మైకా: పసుపు మరకను త్వరగా కడిగేయవచ్చు, తడికి భయం లేదు. అయితే దీన్ని ప్లైవుడ్ మీదే అంటించాలి. టేకు పలకల మీద అంటిస్తే, కింద కర్ర వానాకాలానికి ఉబ్బి వేసవికి కుంచించుకుంటుంది, పైన సన్‌మైకా కదలదు. కొన్నాళ్ళకు అంచులు లేస్తాయి. ఎండబోసిన బియ్యం బస్తాలా కర్ర ఒకచోట ఊరకే పడి ఉండదన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి.

ఏ పూత వేసినా వేడి గిన్నెను నేరుగా పెట్టకూడదు. ఒక గ్రానైట్ ముక్కనో, టైల్ ముక్కనో బల్ల మీద ఉంచుకుంటే సరిపోతుంది. పైపలక మొత్తానికి గ్రానైట్ వేయాలనుకుంటే బరువు చూసుకోవాలి. 90 × 60 సెంటీమీటర్ల పలక 18 మిల్లీమీటర్ల మందంలో 25 కిలోలకు పైగా ఉంటుంది. పాత అతుకులు దాన్ని మోయలేకపోవచ్చు.

1.7 పని క్రమం

ఏ నెలలో చేయాలి? నైరుతి రుతుపవనాల తర్వాత కూడా అక్టోబరు, నవంబరు నెలల్లో కోస్తాలో వానలు, తుపాన్లు ఉంటాయి. సంక్రాంతి దాటాక వేసవి ముగిసేవరకు ఈ పనికి అనుకూలం. ఉదయం మంచు ఆరాక మొదలుపెట్టి, మధ్యాహ్నం మూడు గంటలకల్లా పూత వేయడం ఆపితే, చీకటి పడి తేమ పెరిగేలోపు పై పొర బిగుస్తుంది. నేరుగా ఎండలో వేయకూడదు, బుడగలు వస్తాయి.

మొదటి దశ, ఆరబెట్టడం: బల్లను తెచ్చాక నీడలో, గాలి ఆడే చోట కనీసం రెండు వారాలు ఉంచాలి. ఆరిందో లేదో తెలుసుకోవడానికి సొరుగును గానీ ఊడదీసిన ఒక పలకను గానీ మూడు రోజులకు ఒకసారి తూచి రాసుకోవాలి. బరువు తగ్గడం ఆగిందంటే కర్ర మన ఇంటి గాలికి సమతుల్యతకు వచ్చినట్టు.

రెండవ దశ, శుభ్రం చేయడం: గోరువెచ్చని సబ్బునీళ్ళలో పిండిన గుడ్డతో జిడ్డు తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తుడవాలి. బల్ల మీద నీళ్ళు కుమ్మరించకూడదు.

మూడవ దశ, అతుకులు: వదులైన అతుకును విప్పి, పాత జిగురును పూర్తిగా గీకేయాలి. పాత జిగురు మీద కొత్త జిగురు పట్టదు. ఫెవికాల్ రాసి బిగించి, కాళ్ళ చుట్టూ తాడు కట్టి, మధ్యలో కర్రముక్క పెట్టి మెలితిప్పితే గట్టిగా బిగుస్తుంది. 24 గంటలు కదపకూడదు. తుప్పు పట్టిన మేకులు తీసి ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు వేయాలి. బాపట్ల వంటి తీరపు ఊళ్ళలో ఇది తప్పనిసరి. పైపలకను బిగించే స్క్రూల రంధ్రాలను కింద అడ్డకర్రలో కొంచెం పొడవుగా చేస్తే పలక కదలడానికి చోటు దొరుకుతుంది.

నాలుగవ దశ, రుద్దడం: ఇది పాత రంగు లేని కర్రకు మాత్రమే. 80 నంబరు ఉప్పుకాగితంతో మొదలుపెట్టి 120, 180, 220 వరకు వరుసగా వెళ్ళాలి. నంబరు పెరిగేకొద్దీ కాగితం మెత్తన. కర్ర గీతల వెంటే రుద్దాలి. అడ్డంగా రుద్దిన గీతలు పూత వేశాకే బయటపడతాయి. చివర తడిగుడ్డతో ఒకసారి తుడిచి, ఆరాక లేచిన నూగును 220తో తేలికగా తీయాలి. చిన్న సందులను అదే కర్ర పొట్టును జిగురుతో కలిపిన ముద్దతో నింపవచ్చు. ఎనామిల్ వేయబోతే లప్పం పెట్టవచ్చు.

ఐదవ దశ, పూత: పలుచగా మూడుసార్లు వేయడం, మందంగా ఒకసారి వేయడం కంటే మేలు. ప్రతి పూత ఆరాక 320 కాగితంతో తేలికగా రుద్ది, దుమ్ము తుడిచి తర్వాతి పూత వేయాలి. పైపలక అడుగు భాగానికి కూడా పూత వేయడం మరచిపోకూడదు. పైన మాత్రమే పూత ఉంటే కింది వైపు నుంచి తేమ ఎక్కి పలక వంగుతుంది. కాళ్ళ అడుగు భాగాలకు రెండుసార్లు ఎక్కువ వేయాలి. కర్ర నీళ్ళను పీల్చేది ఎక్కువగా అడ్డంగా కోసిన ఆ చివర్ల నుంచే.

ఎంత పూత కొనాలి? 90 × 60 సెంటీమీటర్ల బల్లను తీసుకుందాం. పైపలక రెండు వైపులా 1.08 చదరపు మీటర్లు. 5 సెంటీమీటర్ల చదరంగా, 75 సెంటీమీటర్ల పొడవున్న నాలుగు కాళ్ళు 0.60. చుట్టూ ఉన్న అడ్డకర్రలు సుమారు 0.52. మొత్తం 2.2 చదరపు మీటర్లు. డబ్బా మీద లీటరుకు 10 చదరపు మీటర్లు అని రాసి ఉంటే, ఒక పూతకు 220 మిల్లీలీటర్లు, మూడు పూతలకు 660 మిల్లీలీటర్లు కావాలి. లీటరు డబ్బా సరిపోతుంది. పెద్ద డబ్బా కొంటే మిగిలింది గట్టిపడి వృథా అవుతుంది.

ఆరవ దశ, గట్టిపడనివ్వడం: చేతికి అంటకపోవడం వేరు, పూర్తిగా గట్టిపడటం వేరు. చివరి పూత తర్వాత కనీసం వారం రోజులు బయటే ఉంచి, వాసన పూర్తిగా పోయాకే వంటగదిలో పెట్టాలి. ఆరని పూత నుంచి వచ్చే ఆవిరి మండేది.

1.8 వంటగదిలో అమరిక

భోజనాల బల్ల ఎత్తు సాధారణంగా 75 సెంటీమీటర్లు. నిలబడి తరగడానికి పని ఎత్తు మోచేతి కంటే కొంచెం తక్కువ ఉండాలి. కాబట్టి చాలామందికి 75 సెంటీమీటర్లు తక్కువై నడుం వంగుతుంది. కాళ్ళ కింద కర్ర దిమ్మలు బిగించి పెంచుకోవచ్చు. అదే బల్ల మీద గ్యాస్ స్టవ్ పెడితే స్టవ్ ఎత్తు కలిసి సరిపోతుంది. స్టవ్ ఎప్పుడూ సిలిండర్ కంటే ఎత్తులో ఉండాలి, సిలిండర్ నిలువుగా ఉండాలి. స్టవ్ కింద రాయి పలక ఉంచాలి.

బల్లను గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ళ ఎడం వదిలితే గోడలోని చెమ్మ, చెద బల్లకు చేరవు, వెనుక గాలి ఆడుతుంది. గచ్చు కడిగే ఇళ్ళలో కాళ్ళకు రబ్బరు బూట్లు తొడగాలి. మిక్సీ అదురుకు అతుకులు వదులవుతాయి కాబట్టి దాని కింద మందపాటి రబ్బరు పట్టా వేయాలి. కూరగాయలను బల్ల మీదే కాక విడి చెక్క మీద తరగాలి.

1.9 సారాంశం

పాత బల్ల నిలవడం దాని మీద వేసిన రంగు మీద కంటే, రంగుకు ముందు తీసుకున్న నిర్ణయాల మీద ఆధారపడుతుంది. కర్ర గాలిలోని తేమను బట్టి కదులుతుంది. ఆ కదలికకు చోటిచ్చి, అన్ని వైపులా పూత వేస్తే పలక చీలదు, వంగదు. పాత పూత ఏదో తెలుసుకున్నాకే కొత్త పూతను ఎంచుకోవాలి. పాత రంగులో సీసం ఉందనే భావించి తడిగా, బయట, పిల్లలకు దూరంగా పని చేయాలి. పెచ్చులు రాలే రంగు, ఉబ్బిన పార్టికల్ బోర్డు, పురుగు తింటున్న కర్ర ఈ మూడింటిలో ఏది కనిపించినా బల్లను వదిలేయాలి. వంటగది పైపలకకు పి.యు. పూత, ప్లైవుడ్ అయితే సన్‌మైకా తగినవి. కాళ్ళకు ఎనామిల్ చాలు.

1.10 మీ ప్రగతిని సమీక్షించుకోండి

I. ఒకటి రెండు వాక్యాలలో సమాధానం రాయండి.
1. సమతుల్య తేమ అంటే ఏమిటి?
2. లక్క పాలిష్‌ను గుర్తించే పరీక్ష ఏది?
3. టేకు పలకల మీద సన్‌మైకా ఎందుకు నిలవదు?
4. పైపలక అడుగు భాగానికి కూడా పూత ఎందుకు వేయాలి?

II. పది వాక్యాలలో సమాధానం రాయండి.
1. పాత రంగును తీసేటప్పుడు సీసం వల్ల కలిగే ప్రమాదాన్ని, పాటించవలసిన జాగ్రత్తలను వివరించండి.
2. తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాలలో కర్ర సామానుకు తేమ వల్ల కలిగే ఇబ్బందులను పోల్చి రాయండి.

III. చేసి చూడండి.
మీ ఇంట్లోని ఒక కర్ర సొరుగును గానీ పీటను గానీ ఎంచుకుని, దాని వెడల్పును వానాకాలంలో ఒకసారి, వేసవిలో ఒకసారి మిల్లీమీటర్లలో కొలిచి నమోదు చేయండి. తేడాను 1.2లో ఇచ్చిన లెక్కతో పోల్చి, ఎక్కువ తక్కువలకు కారణాలు రాయండి.